మొకేని లోయకు వచ్చిన ఇథియోపియా ఆడపడుచు

ఉత్తర ఇటలీలో, ఆల్ప్స్ పర్వతాల దక్షిణపు ఒడిలో ట్రెంటో అనే పురాతన నగరం ఉన్నది. అక్కడినుంచి తూర్పుగా సాగే రహదారి పెర్జినే అనే చిన్న పట్టణం దగ్గర చీలి, ఫెర్సీనా అనే కొండవాగును పట్టుకొని పైకి ఎక్కుతుంది. దారికి ఇరుప్రక్కలా వాలులమీద స్ట్రాబెరీ వంటి చిన్న పండ్ల తోటలు, వాటిపైన గడ్డిబీళ్లు, ఇంకా పైన సూదుల వంటి ఆకులుగల చెట్ల కారడవులు కనిపిస్తాయి. మన పల్లెలలో వలె ఇళ్లు ఒకచోట గుమిగూడి ఉండవు. కొండవాలు మీద ఇక్కడొకటి, అక్కడొకటిగా విసిరేసినట్లు నిలబడతాయి. ప్రతి ఇంటిచుట్టూ ఆ ఇంటివారి పొలం, పొలాన్ని ఆనుకొని గడ్డినేల, దానిని ఆనుకొని అడవి. ఇటువంటి ఇంటిని, నేలను కలిపి ఆ ప్రాంతంవారు ‘మాసో’ అంటారు. ఈ లోయ పేరు మొకేని లోయ.

ఊళ్ల పొలిమేరల్లో నిలిపిన ఫలకాలమీద ప్రతి ఊరికీ రెండు పేర్లు ఉంటాయి. ఒకటి ఇటాలియన్ పేరు, మరొకటి స్థానికుల మాటలోని పేరు. ఇటాలియన్‌లో ఫ్రాసిలోంగో అనే గ్రామం స్థానికుల నోట గరాయిత్ అవుతుంది. లోయ చివరనున్న పాలూ గ్రామం పలాయి అవుతుంది. ఇక్కడి పాతకాపుల ఇళ్లలో మాట్లాడేది ఇటాలియన్ కాదు. దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా ప్రాంతాల మాటలకు బంధువైన ఒక పాత జర్మన్ మాండలికం. చుట్టూ ఇటాలియన్ మాట్లాడే లక్షలాది జనం మధ్య, కొన్ని వందల కుటుంబాలు ఏడువందల ఏళ్లుగా ఈ భాషను కాపాడుకుంటూ వచ్చాయి.

ఈ లోయలో, ఫ్రాసిలోంగో గ్రామపు వాలులమీద, ఇథియోపియాలో పుట్టిన ఒక స్త్రీ తన మేకల మందతో జీవించింది. పేరు అగితు ఇదెయో గుదెతా. ఇథియోపియాలో మనకున్నట్లు ఇంటిపేరు ఉండదు. తన పేరు తరువాత తండ్రి పేరు, దాని తరువాత తాత పేరు చేర్చుకోవడం అక్కడి ఆచారం. ఆమె 2020 డిసెంబరు 29న, నలభై మూడవ ఏడు నిండకముందే, తన ఇంట్లోనే హత్యకు గురైంది. ఆ వార్త ఐరోపా పత్రికలన్నిటా వచ్చింది. అయితే ఆమె ఎలా మరణించిందన్నదానికంటే, ఎలా జీవించిందన్నదే తెలుసుకోదగిన విషయం. అది తెలియాలంటే ముందు ఆ లోయ కథ తెలియాలి.

వలస వచ్చినవారి లోయ

పదమూడు, పదునాలుగు శతాబ్దాలలో ఈ కొండలకు మొదట వచ్చిన మొకేనులు కూడా వలసవారే. పెర్జినే కోట ప్రభువుల ఏలుబడిలో ఉన్న ఈ వాలులు అప్పటికి చాలావరకు అడవి. ఉత్తరానగల జర్మన్ ప్రాంతాలనుంచి రైతులు వచ్చి, చెట్లు నరికి, రాళ్లు ఏరి, వాలులను సాగుకు తెచ్చి మాసోలు కట్టుకున్నారు. తరువాత వెండి, రాగి గనులలో పనిచేయడానికి మరికొందరు వచ్చారు. గనులు తరిగిపోయాక, పొలం పనిలేని చలికాలంలో మగవారు వీపున పెట్టెలు కట్టుకొని, పటాలు, గుడ్డలు, దారాలు మోసుకుంటూ ఆస్ట్రియా సామ్రాజ్యమంతటా కాలినడకన తిరిగి అమ్మేవారు. వసంతం రాగానే మళ్లీ ఇల్లు చేరేవారు.

‘మొకేని’ అన్న పేరు సైతం పొరుగువారు పెట్టిందే. జర్మన్‌లో ‘చేయుట’ అనే అర్థంగల క్రియాపదం ‘మాఖెన్’. ఈ కొండజనం మాటమాటకూ ఆ పదం వాడుతూ ఉండడం విని, లోయ దిగువనున్న ఇటాలియన్లు వారికి ఆ పేరు తగిలించారని చెబుతారు. ఎగతాళిగా పుట్టిన పేరు కాలక్రమాన గౌరవనామమైంది. ‘చేసేవారు’ అనే పేరు ఆ జనానికి సరిపోయిందనే అనాలి.

ఇరవయ్యవ శతాబ్దం ఈ చిన్న సమూహాన్నికూడా వదిలిపెట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధం వరకు ఈ ప్రాంతం ఆస్ట్రియాది. యుద్ధకాలంలో, 1915లో, ఆస్ట్రియా సైన్యాధికారిగా పాలూ గ్రామంలో మకాం వేసిన రచయిత రాబర్ట్ ముసీల్ ఆ అనుభవంనుంచే ‘గ్రీజ్యా’ అనే కథను మలిచాడు. యుద్ధానంతరం లోయ ఇటలీ చేతికి వచ్చింది. 1939లో హిట్లర్, ముస్సోలినీలు చేసుకున్న ఒప్పందం ప్రకారం ఇటలీలోని జర్మన్ భాషీయులు జర్మనీకి తరలిపోవాలా, ఇటలీలో ఉండిపోవాలా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. మొకేనులలో వందలాదిమంది 1942లో బొహీమియాకు తరలివెళ్లారు. అక్కడ వారికిచ్చినవి మరెవరినో వెళ్లగొట్టిన భూములు. యుద్ధం ముగిశాక చేతిలో ఏమీ లేకుండా తిరిగివచ్చి, పాత మాసోల తలుపులు తట్టారు.

ఆ తరువాత వచ్చిన కష్టం చప్పుడు చేయకుండా వచ్చింది. యుద్ధం తరువాతి దశాబ్దాలలో ఇటలీ పరిశ్రమలు పెరిగాయి. కొండవాలుమీద నడుము వంచి గడ్డి కోసే బ్రతుకుకంటే పట్టణంలో నెలజీతం మేలనిపించింది. యువకులు దిగువకు వెళ్లారు. పెద్దలు ఉన్నంతకాలం పశువులు ఉన్నాయి, పశువులు ఉన్నంతకాలం గడ్డినేల ఉన్నది. ఆ తరం వెళ్లిపోయాక అడవి మెల్లగా క్రిందికి దిగింది. మొదట తుప్పలు, వెనుక పొదలు, ఆ వెనుక చెట్లు. ఆల్ప్స్ కొండలలో మనుషులు శతాబ్దాలు శ్రమించి తెరిచిన నేల, ఇరవై ముప్ఫై ఏళ్లు పట్టించుకోకపోతే తిరిగి మూసుకుపోతుంది.

పశువులతోపాటు పశుజాతులూ తరిగిపోయాయి. ఈ లోయకు తనదైన ఒక మేకజాతి ఉన్నది. ఒంటిమీద రకరకాల రంగుల మచ్చలుండడంవల్ల దానిని ‘మచ్చల మొకేనా’ అని పిలుస్తారు. రాతివాలులకూ, చలికీ అలవాటుపడిన గట్టి జాతి. కాని పాల దిగుబడిలో స్విట్జర్లాండునుంచి వచ్చిన సానెన్ వంటి జాతులతో పోటీ పడలేదు. అసలు ఇటలీలో మేకకు ప్రభుత్వాదరణ చాలాకాలం కరవే. మేకలు అడవిని పాడు చేస్తాయన్న కారణంగా 1927లో ముస్సోలినీ ప్రభుత్వం వాటిమీద ప్రత్యేకంగా పన్ను వేసింది. పేదవాని ఆవు అని పేరుపొందిన జంతువు పేదవానికే బరువైంది. కాలక్రమాన మచ్చల మొకేనా అంతరించిపోతున్న జాతుల జాబితాకెక్కింది.

దున్నేవానికే భూమి

ఈ లోయకు వేల మైళ్ల దూరాన, ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో, 1978 జనవరి 1న అగితు జన్మించింది. ఆ దేశం, ఇటలీ ఒకదానికొకటి కొత్తవి కావు. 1896 మార్చి 1న ఆద్వా వద్ద ఇథియోపియా సేనలు ఇటలీ సైన్యాన్ని చిత్తుగా ఓడించాయి. ఆ అవమానం మరువని ముస్సోలినీ 1935 అక్టోబరులో ఆ దేశంపై దండెత్తి, విషవాయువును సైతం ప్రయోగించాడు. 1936 మే 5న ఇటలీ సేనలు ఆడిస్ అబాబాలో ప్రవేశించాయి. నాలుగు రోజుల తరువాత, జవహర్‌లాల్ నెహ్రూ పిలుపుమీద, మే 9న భారతదేశంలో ‘అబిసీనియా దినం’ పాటించారు. బానిసత్వంలో ఉన్న ఒక జాతి, స్వాతంత్ర్యం కోల్పోయిన మరొక జాతికి ప్రకటించిన సానుభూతి అది. అయిదేళ్ల ఆక్రమణ 1941లో ముగిసింది. స్వాతంత్ర్యానంతరం వందలకొద్దీ భారతీయ ఉపాధ్యాయులు ఇథియోపియా పాఠశాలలకు వెళ్లి పాఠాలు చెప్పారు.

ఆ దేశపు ఆధునిక చరిత్రలో ప్రతి మలుపు వెనుకా భూమి ఉన్నది. చక్రవర్తి హెయిలీ సెలాసీ కాలంలో సాగుభూమిలో పెద్దభాగం రాజకుటుంబానిది, ప్రభువులది, చర్చిది. దక్షిణ ప్రాంతాల రైతు పండించినదానిలో సగందాకా కౌలు క్రింద కొలిచేవాడు. ‘దున్నేవానికే భూమి’ అన్న నినాదం మనకు చిరపరిచితం. సరిగ్గా అదే అర్థంగల నినాదంతో 1965లో ఆడిస్ అబాబా విద్యార్థులు వీధులలోకి వచ్చారు. 1974లో చక్రవర్తి పదవీచ్యుతుడైనాడు. 1975లో సైనిక ప్రభుత్వం గ్రామీణ భూమినంతటినీ జాతీయం చేసింది. దున్నేవానికి దున్నుకునే హక్కు వచ్చింది, భూమిమాత్రం ప్రభుత్వానిదైంది. 1995 నాటి రాజ్యాంగంకూడా ఆ ఏర్పాటునే నిలిపింది.

ఈ ఏర్పాటులోని ప్రమాదం ఎంతటిదో 2008 తరువాత తెలిసివచ్చింది. 2007, 2008లలో ప్రపంచమంతటా తిండిగింజల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. పెద్ద కంపెనీల చూపు ఆఫ్రికా నేలమీద పడింది. ప్రభుత్వం తలుచుకుంటే తరాలుగా సాగులో ఉన్న నేలను, మందలు మేసే బీడును ఒక్క సంతకంతో కౌలుకివ్వగల దేశం ఇథియోపియా. ఇచ్చింది కూడా. ఈ వరుసలో భారతీయులూ ఉన్నారని చెప్పుకోక తప్పదు. బెంగుళూరు కేంద్రంగాగల ఒక పూలసాగు కంపెనీకి పడమటి గాంబెల్లా ప్రాంతంలో లక్ష హెక్టార్ల నేల నామమాత్రపు కౌలుకు దక్కింది. అందులో సాగైనది స్వల్పం. చివరకు 2015లో ప్రభుత్వమే ఆ కౌలును రద్దు చేసింది. ఆ నడుమ చెదిరిపోయిన పశువుల కాపరుల బ్రతుకులు మాత్రం ఏ రద్దుపత్రంతోనూ వెనుకకు రాలేదు.

అగితుకు ఈ విషయాలు పుస్తకాలలో చదివి తెలిసినవి కావు. ఆమె నాయనమ్మల, అమ్మమ్మల తరం పశుపోషణలో బ్రతికినది. మేక పొదుగు పట్టడం, పాలు విరిచి జున్నుగడ్డ చేయడం ఆమె బాల్యంలో అవ్వ దగ్గర నేర్చుకున్నది. ఇరవై ఏళ్ల ప్రాయంలో చదువుకోసం ట్రెంటోకు వచ్చి, అక్కడి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం అభ్యసించింది. 1962లో ఇటలీలోకెల్లా మొదట సమాజశాస్త్ర బోధన ఆరంభించిన పేరు ఆ విద్యాస్థానానిది. చదువు ముగిశాక చాలామంది వలె ఐరోపాలో స్థిరపడక, ఆమె స్వదేశానికి తిరిగివెళ్లింది. చిన్నరైతులతో, పశువుల కాపరులతో కలిసి పనిచేసింది. వారి నేలలు కంపెనీలపాలవుతుంటే వారి ప్రక్కన నిలిచి ఎదిరించింది.

2009లో ఇథియోపియాలో ఉగ్రవాద నిరోధం పేరిట ఒక కఠినమైన చట్టం వచ్చింది. విమర్శించేవారి నోరు మూయించడానికి ఆ చట్టం అక్కరకు వచ్చింది. తోటివారిలో కొందరు చెరసాల పాలయ్యారు. ఆమెకూ బెదిరింపులు వచ్చాయి. 2010లో, తనకు తెలిసిన ఒకేఒక పరాయి ప్రాంతమైన ట్రెంటోకు ఆమె పారిపోయి వచ్చింది. అప్పుడు ఆమె చేతిలో ఉన్నది రెండువందల యూరోలు.

పదిహేను మేకలు

మొదటిసారి వచ్చినది విద్యార్థిని; రెండవసారి వచ్చినది శరణార్థి. అదే ఊరు, అవే వీధులు అయినా, ఈ రెండింటికీ ఎంత వ్యత్యాసమో ఊరు విడిచినవారికి వేరే చెప్పనక్కరలేదు. మొదట ఆమె ఒక ఫలహారశాలలో పనిచేసింది. ఆ పనితో పూట గడుస్తుంది. కాని ఆమె చుట్టూ చూస్తే కొండలలో బీడుపడిన నేల కనిపించింది. తన దేశంలో నేలను ప్రేమించే మనుషులున్నారు, వారి క్రిందనుంచి నేలను లాగేస్తున్నారు. ఇక్కడ నేల ఉన్నది, దానిని పట్టించుకునే మనుషులు లేరు. ఈ రెండు సంగతులనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడగలిగినది రెండు చోట్లా బ్రతికిన మనిషే.

ఆమె పదిహేను మేకలతో ఆరంభించింది. ఎంచుకున్నది మచ్చల మొకేనా వంటి కనుమరుగవుతున్న స్థానిక జాతులనే. ఎక్కువ పాలిచ్చే మేకకు ఎక్కువ దాణా కావాలి, చదునైన చోటు కావాలి, కొట్టం కావాలి. స్థానిక జాతి మేక పొద ఉన్నచోటికి తానే ఎక్కి తన తిండి తాను చూసుకుంటుంది. గ్రామానికి ఉమ్మడిగా ఉండి, వాడుక లేక తుప్పలు పట్టిన పదకొండు హెక్టార్ల నేల, అంటే సుమారు ఇరవైయేడు ఎకరాలు, ఆమె పోషణలోకి వచ్చింది. ముస్సోలినీ కాలంలో అడవికి శత్రువని ముద్రపడిన మేకే ఇప్పుడు ఆ నేలకు మందైంది. లేత పొదలను, ముళ్లకంపను మేకలు కొరికివేస్తే వెలుతురు నేలను తాకుతుంది. గడ్డి తిరిగి మొలుస్తుంది.

ఆ పనికి సెలవు లేదు. చలికాలం చివర మేకలు ఈనుతాయి. రాత్రింబవళ్లు కొట్టంలోనే గడపవలసిన రోజులవి. వసంతంనుంచి ఆకురాలు కాలం వరకు తెల్లవారకముందే పాలు పితకాలి. పితికిన పాలను వెచ్చజేసి, తోడు వేసి, విరిగిన గడ్డను కోసి, నీరు పిండి, అచ్చులలో పోసి, ఉప్పు పట్టించాలి. కొన్ని గడ్డలు రోజులలోనే అమ్మకానికి వస్తాయి. కొన్నిటిని చల్లని గదిలో, రోజూ తిప్పుతూ తుడుస్తూ, నెలల తరబడి మాగనివ్వాలి. ఇంతలో మంద మేతకు బయలుదేరాలి. తోడేళ్లు, ఎలుగుబంట్లు తిరిగి పెరుగుతున్న ప్రాంతం కనుక మందను ఒంటరిగా విడువరాదు. సాయంకాలం మళ్లీ పాలు. వారాంతంలో సంత.

తన వ్యాపారానికి ఆమె పెట్టుకున్న పేరు ‘లా కాప్రా ఫెలీచే’. ‘సంతోషంగా ఉన్న మేక’ అని దాని అర్థం. మంద పెరిగి పెరిగి సుమారు నూటయెనభై తలలకు చేరింది. ఆమె చేసిన చీజ్ ట్రెంటో సంతలోను, ఆ వెలుపల కూడా పేరు తెచ్చుకున్నది. ఆల్ప్స్ కొండలలో చీజ్ తయారీ కేవలం తిండి సంపాదించే వృత్తి కాదు. అది ఇంటింటి గర్వం. ఆఫ్రికానుంచి వచ్చిన ఒక స్త్రీ చేతి చీజ్‌ను అక్కడివారు వరుసలో నిలబడి కొనుక్కున్నారంటే, వారు ఆమెకిచ్చిన యోగ్యతాపత్రం అదేనని చెప్పాలి. తన చోటును తానే ఏర్పరచుకున్నానని, తనేమిటో పనితోనే తెలియజెప్పానని ఆమె ఒకసారి విలేఖరులతో అన్నది.

ఆమె ఒంటరిగా బాగుపడి ఊరుకోలేదు. ఆఫ్రికానుంచి ఆశ్రయం కోరి వచ్చిన యువకులకు తన మాసోలో పని ఇచ్చింది, పని నేర్పింది. కొత్తచోటికి వచ్చినవానికి మొదట కావలసినది దయ కాదని, చేతికి ఒక పని, పనికి ఒక విలువ కావాలని ఆమెకు స్వానుభవంవల్ల తెలుసు. ఇథియోపియాలో రైతుల ప్రక్కన నిలిచిన మనసే ఇక్కడ ఈ రూపంలో పనిచేసింది. దేశం మారినా ఆమె తనవారనుకునే మనుషులు మారలేదు.

ప్రతీక అయిన మనిషి

ఇటలీలో 2018 మార్చి ఎన్నికలు వలసల సమస్య చుట్టూ తిరిగాయి. జూన్‌లో ఏర్పడిన ప్రభుత్వంలో వలసలను తీవ్రంగా వ్యతిరేకించే పక్షం భాగస్వామి అయింది. అటువంటి వాతావరణంలో అగితు కథ పత్రికలవారికి దొరికింది. వలసవారు దేశానికి భారమన్నవారికి ఆమె జీవితమే సమాధానమని రాశారు. తల చుట్టూ రంగుల గుడ్డ చుట్టి, మేకపిల్లను ఎత్తుకొని నవ్వుతున్న ఆమె ఛాయాచిత్రం దేశమంతటా కనిపించింది. ఆమె ఒక ప్రతీక అయింది.

ప్రతీక కావడంలో ఒక చిక్కున్నది. ప్రతీకకు అలసట ఉండకూడదు, అప్పు ఉండకూడదు, ఇరుగుపొరుగుతో తగవు ఉండకూడదు. ఆమెకు ఇవన్నీ ఉన్నాయి. ఆ 2018లోనే ఒక పొరుగువాడు తనను జాతిపేరుతో దూషించి, వేధించి, చేయిచేసుకున్నాడని ఆమె బహిరంగంగా ఫిర్యాదు చేసింది. భయపడి లోయ విడిచి వెళ్లలేదు, మందను ఆపలేదు. 2020 జనవరిలో న్యాయస్థానం గాయపరచిన నేరం క్రింద అతనికి తొమ్మిది నెలల శిక్ష విధించింది. అదే లోయలో ఆమె చీజ్ కొన్నవారు, ఆమెకు అండగా నిలిచినవారు అనేకులు. ఒక లోయలో రెండు రకాల మనుషులూ ఉంటారన్నది ఏ దేశంలోనైనా సత్యమే.

2020లో కరోనా మహమ్మారి ఉత్తర ఇటలీని అతలాకుతలం చేసింది. ఆ ఏడే ఆమె ట్రెంటో నగరంలో ఒక చిన్న దుకాణం తెరిచింది. కొండమీద మాసో, నగరంలో అంగడి, మధ్యలో ఆమె. అదే ఏడాది చివరి వారంలో, డిసెంబరు 29న, ఫ్రాసిలోంగోలోని ఆమె ఇంట్లో ఆమె శవాన్ని కనుగొన్నారు.

మొదట అందరి అనుమానమూ పాతకక్ష మీదికి పోయింది. కొన్ని గంటలలోనే నిజం బయటపడింది. ఆమె దగ్గర పనిచేస్తున్న ఘనా దేశపు యువకుడు నేరం ఒప్పుకున్నాడు. జీతం విషయమై తగాదా అని చెప్పాడు. అతడూ వలసవాడే, ఆమె పని ఇచ్చినవారిలో ఒకడే. వలసవారిని ద్వేషించేవారు ఈ సంగతిని తమ వాదానికి వాడుకోజూశారు. ఆమెను ప్రతీకగా నిలిపినవారు మాట దొరకక తడబడ్డారు. హత్య చేసినవాడు ఏ జాతివాడన్న చర్చలో హతురాలు మరోమారు మరుగునపడింది. ఒక స్త్రీ తన ఇంట్లో, తనకు తెలిసిన మగవాని చేతిలో ప్రాణం కోల్పోయింది. అటువంటి చావుకు జాతిభేదం, దేశభేదం లేదు. అన్ని దేశాల పత్రికలలోనూ అది రోజువారీ వార్త.

మంద ఆగలేదు

మనిషి పోయినా మందకు మేత కావాలి. ఆమె మరణించిన మరునాడు ఉదయం మేకలు ఎప్పటిలాగే కొట్టంలో అరిచాయి. మంచు కురిసే కాలం; బయట మేత లేదు. అప్పుడు లోయవారే ముందుకు వచ్చారు. ఒక స్థానిక యువతి మంద బాధ్యత స్వీకరించింది. తాతముత్తాతలనుంచి వచ్చి, మధ్యలో తెగిన ఒక పని, ఇథియోపియానుంచి వచ్చిన స్త్రీ చేతిమీదుగా తిరిగి లోయ బిడ్డ చేతికి వచ్చిందన్న మాట. ట్రెంటోలోని ఇథియోపియా వారు ఆమె అంత్యక్రియలకోసం విరాళాలు సేకరించబూనితే, ముఖమైనా చూడని ఇటాలియన్లు వేలాదిగా డబ్బు పంపారు. నగరంలో ఆమె దుకాణం ముందు పూలు పేరుకుపోయాయి.

అగితు జీవితాన్ని తలుచుకునేటప్పుడు ఇటలీవారు ‘ఆదర్శ వలసవాసి’ అన్న మాట తరచు వాడతారు. ఆ మాటలో ప్రేమ ఉన్నది కాని, ఒక షరతుకూడా దాగి ఉన్నది. అంతరించే మేకజాతిని బ్రతికించి, బీడును బాగుచేసి, పదిమందికి పని కల్పించితే తప్ప పరాయివానికి చోటు లేదన్నట్లు ధ్వనిస్తుంది. ఫలహారశాలలో పాత్రలు కడుగుతూ ఉండిపోయినా ఆమెకు ఆ నేలమీద బ్రతికే హక్కు ఉండేది. ఆమె చేసిన పనికి గౌరవమివ్వడం వేరు, ఆ పనిని ప్రవేశరుసుముగా లెక్కగట్టడం వేరు.

ఆమె బ్రతుకు మనముందు ఉంచే ప్రశ్న మరొకటి. భూమి ఎవరిది? ఆడిస్ అబాబా విద్యార్థులు 1965లో అడిగిన ప్రశ్న అదే. మన తెలుగునేలమీద ఎందరో ప్రాణాలొడ్డి అడిగిన ప్రశ్నా అదే. ఒకచోట ప్రభుత్వపు కాగితం భూమిని దున్నేవాని చేతినుంచి తీసి కంపెనీ చేతిలో పెట్టింది. మరొకచోట హక్కు ఉన్నవారు వదిలేయగా భూమి పొదలపాలైంది. మొదటిచోట ఆమె ఎదిరించింది. రెండవచోట కొడవలి, గడ్డపార పట్టుకొని పనిలోకి దిగింది. ఆమె దృష్టిలో ఈ రెండూ ఒకే పని. నేలను కనిపెట్టుకొని ఉండేవారికి ఆ నేలతో ఉండే బంధాన్ని ఆమె మొదటిచోట కాపాడజూసింది, రెండవచోట స్వయంగా కట్టుకున్నది.

మొకేని లోయకు వెళ్లే యాత్రికులు నేడు పాలూ దగ్గరి పాత గనిని చూస్తారు, మొకేను భాషకోసం పనిచేసే సంస్థను చూస్తారు, కొండపైని సరస్సుల దాకా నడుస్తారు. వాలులమీద అడవిమధ్య అక్కడక్కడ పచ్చగా తెరుచుకొని కనిపించే గడ్డినేలలను చూసి, ప్రకృతి ఎంత అందమైనదని మెచ్చుకుంటారు. ఆ పచ్చని తెరపులలో ఒక్కటైనా ప్రకృతి చేసినది కాదు. ఏడువందల ఏళ్ల క్రితం ఉత్తరంనుంచి వచ్చినవారు గొడ్డళ్లతో తెరిచినవి కొన్ని. ఇరవై ఒకటవ శతాబ్దంలో దక్షిణంనుంచి వచ్చిన ఒక స్త్రీ మేకలతో తిరిగి తెరిచినవి పదకొండు హెక్టార్లు. నాలుగేళ్లు మంద తిరగకపోతే అక్కడ పొదలు మళ్లీ లేస్తాయి. మంద తిరుగుతున్నంతకాలం గడ్డి మొలుస్తూనే ఉంటుంది.